ఓడ ఎక్కబోయే పెద్దవాళ్లకు



అనంతపురం జిల్లాలో మా శింగనమల చెరువు నిండిన ఏడాది ఊళ్లో ఎవరిని పలకరించినా మొదట వచ్చే మాట ఒకటే. "కట్ట మీదికి పోయొచ్చినావా? మరవ పారతా ఉందంట!" శ్రీరంగరాయల చెరువని దానికి పెద్ద పేరుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కంటికి ఆనదు. మాకు సముద్రమంటే అదే. పడవ అంటే ఆ నీళ్లలో చేపలు పట్టేవాళ్లు తిప్పుకుంటూ పోయే పుట్టి.

అలాంటి ఊళ్లో కూడా కొన్నేళ్లుగా ఓడ విహారాల మాట వినబడుతోంది. పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. చెనక్కాయ పంట మీద వచ్చిందీ పోయిందీ లెక్క చూసుకుంటూ తమను చదివించిన తల్లిదండ్రులకు ఏదైనా చెయ్యాలని వాళ్లకుంటుంది. "నాయనా, అమ్మను పిల్చుకొని ఓడలో నాలుగు రోజులు తిరిగి రాండి, టికెట్లు నేను తీస్తా" అంటారు. మా అబ్బాయీ అలాగే అన్నాడు. నేనూ మా ఇంటావిడా సింగపూరు నుంచి ఒక ఓడ ఎక్కి వచ్చాం. ఆ తర్వాత మా వీధిలో, మా బంధువుల్లో ఎంతమంది అడిగారో చెప్పలేను. ఏ ఓడ మంచిది? ఎంతవుతుంది? లోపల ఎట్లుంటుంది? తెలుసుకున్నదంతా ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

ముందు డబ్బు సంగతి చెబుతాను, మేం దెబ్బ తిన్నది అక్కడే కాబట్టి.

ఓడ టికెట్టు ధర అని ప్రకటనల్లో కనిపించే అంకె ఒక్క మనిషికి వేసింది. అదీ ఒక గదిలో ఇద్దరుంటారన్న లెక్క మీద. ఒక్కరే వెళితే చాలా ఓడల్లో ఆ గదికి రెండో మనిషి డబ్బు కూడా దాదాపు కట్టాలి. భర్త పోయిన తల్లిని ఒంటరిగా పంపుదామనుకునే పిల్లలు దీన్ని గమనించాలి. ఆమెకు తోడుగా చెల్లెలినో వదిననో పంపితే అయ్యే ఖర్చు కొంచెమే ఎక్కువ, ఆమెకు కలిగే ధైర్యం చాలా ఎక్కువ.

ఆ అంకె మీద పన్నులు పడతాయి, రేవు చార్జీలు పడతాయి. తర్వాత గ్రాట్యుటీ అని ఒకటి వస్తుంది. మన ఉద్యోగస్తులకు గ్రాట్యుటీ అంటే రిటైరైన నాడు చేతికొచ్చే డబ్బు. ఓడలో అదే మాటకు అర్థం వేరు. గది ఊడ్చేవాళ్లకు, వడ్డించేవాళ్లకు ఇచ్చే బక్షీసు అది. అమెరికా కంపెనీల పెద్ద ఓడల్లో మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా వాళ్లే మన ఖాతాలో రాసేస్తారు. 18 డాలర్లనుకున్నా, ఇద్దరికి నాలుగు రాత్రులకు 144 డాలర్లు. ఇది టికెట్టు కొనేటప్పుడు కట్టించుకున్నారా, దిగేటప్పుడు అడుగుతారా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

మాకు టికెట్లు అమ్మిన ఏజెంటు "అన్నీ అందులోనే సార్" అన్నాడు. భోజనం అందులోనే, నిజమే. కాఫీ కౌంటరు దగ్గర తాగిన కాఫీ అందులో లేదు. గదిలో బల్ల మీద పెట్టిన నీళ్ల సీసా అందులో లేదు. ఓడ ఎక్కుతుంటే మమ్మల్ని నిలబెట్టి తీసిన ఫోటో లేదు, ఇంటికి ఫోను చేసుకుందామని పెట్టించుకున్న వైఫై లేదు. ఓడలో ఎక్కడా నోటు తియ్యనక్కర్లేదు, మెడలో వేసుకునే కార్డు చూపిస్తే చాలు. అందుకే ఎంత పోతున్నదీ మనసుకు తట్టదు. చివరి రోజు తెల్లవారుజామున తలుపు కిందినుంచి బిల్లు జారింది. మా ఇంటావిడ లైటు వేసి, ఒక్కో వరుసా వేలితో చూపిస్తూ చదివింది. ఆ నీళ్ల సీసా దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. "ఇంత నీళ్ల మధ్య తిరుగుతా నీళ్లకు ఇంతా?" అంది.

అందుకని ఓడలను పోల్చేటప్పుడు టికెట్టు ధరలు పక్కపక్కన పెట్టకండి. టికెట్టు, పన్నులు, బక్షీసు, తాగేవి, వైఫై, రేవుల్లో దిగి చూసే టూర్లు, మన ఊరినుంచి రేవు దాకా రానూపోనూ ఖర్చు, అన్నీ కూడండి. ఆ మొత్తాన్ని మనుషులతో, రాత్రులతో భాగించండి. అప్పుడొచ్చే అంకెలు చూస్తే, చవక అనుకున్న ఓడ కొన్నిసార్లు చవక కాదని, ఖరీదు అనుకున్నది మరీ అంత ఖరీదు కాదని తెలుస్తుంది.

ఇక ఓడ లోపలి సంగతి. దీనికి ఒక పాత కొలత ఉంది, అది మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. ఓడ ఇన్ని వేల టన్నులని రాస్తారు. విహార నౌకల విషయంలో ఆ టన్ను బరువు కాదు, లోపల ఉన్న జాగా. పూర్వం ఐరోపాలో ఓడలో ఎన్ని ద్రాక్షసారా పీపాలు పడతాయో లెక్కపెట్టి ఓడ పరిమాణం చెప్పేవాళ్లు. ఆ పీపా పేరే టన్ను అయింది. మన పుట్టి కొలత కూడా అంతే కదా. పుట్టెడు వడ్లంటే బరువు కాదు, కొలపాత్రతో కొలిచిన లెక్క. చెరువులో తిరిగే పుట్టి, గింజలు కొలిచే పుట్టి ఒకే మాట కావడం చూస్తే, ఓడనూ కొలతనూ కలిపి చూడటం మనకూ తెలిసిన పనేననిపిస్తుంది.

ఆ టన్నుల అంకెను ఎక్కే ప్రయాణికులతో భాగిస్తే ఒక్కొక్కరికి ఎంత జాగా వస్తుందో తెలుస్తుంది. మన దేశంలో తిరిగే ఓడను తీసుకుందాం. కార్డీలియా క్రూయిజెస్ వాళ్ల ఎంప్రెస్. 1990లో ఫ్రాన్సులో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో కట్టారు. చాలా ఏళ్లు రాయల్ కరీబియన్ కంపెనీ నడిపింది. 2021 సెప్టెంబరు నుంచి మన తీరంలో తిరుగుతోంది. సుమారు 48,500 టన్నులు, దాదాపు 800 గదులు. గదికి ఇద్దరేసి ఉంటే 1,600 మంది. అంటే మనిషికి 30 టన్నుల జాగా.

దాని పక్కన రీజెంట్ కంపెనీ 2016లో ప్రవేశపెట్టిన సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్ పెట్టండి. అది 55,000 టన్నుల పైచిలుకు. ఓడ చూస్తే ఎంప్రెస్ కంటే ఏమంత పెద్దది కాదు. కానీ అందులో ఎక్కేది 750 మందే. మనిషికి 70 టన్నులు దాటుతుంది. ఆ 750 మందికి సిబ్బంది 550 మంది దాకా ఉంటారు. మామూలు ఓడల్లో ఇద్దరు ముగ్గురు ప్రయాణికులకు ఒకరుంటే, అక్కడ ఒకరికి ఒకరు ఉన్నంత పని. టికెట్టులోనే తాగేవి, బక్షీసులు, రేవుల్లో తిప్పి చూపించడం, అన్నీ కలిసి ఉంటాయి. మనిషికి రోజుకు 500 డాలర్లు దాటడం మామూలే. సిల్వర్‌సీ, సీబోర్న్ కంపెనీలది కూడా ఆ వరుసే.

మధ్యలో ప్రిన్సెస్, సెలెబ్రిటీ, హాలండ్ అమెరికా లాంటివి ఉన్నాయి. హడావిడి తక్కువ, తిండి మీద శ్రద్ధ ఎక్కువ, ప్రయాణికుల్లో పెద్దవయసు వాళ్లు ఎక్కువ. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఓడ ఎక్కే అవకాశం వస్తే, అరవై దాటినవాళ్లకు నేను చెప్పేది ఈ వరుసే. కార్నివాల్, రాయల్ కరీబియన్, ఎంఎస్సీ, కోస్టా మనవలూ మనవరాళ్లూ కూడా వెంట ఉంటే బాగుంటాయి. రాయల్ కరీబియన్ వాళ్ల ఐకాన్ ఆఫ్ ద సీస్ 2024 జనవరిలో తిరగడం మొదలుపెట్టింది. 2,48,663 టన్నులు, అన్ని పడకలూ నిండితే 7,600 మంది ప్రయాణికులు. మా శింగనమల జాతర జనం అంతా ఒక్క ఓడలో ఉన్నట్టు. పిల్లలకు నీటి జారుడుబల్లలు, కొలనులు, అన్నీ ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి మాత్రం గదినుంచి భోజనాల హాలుకు నడిచి వచ్చేసరికే రోజు గడిచిపోతుంది. అలాంటివాళ్లు గది తీసుకునేటప్పుడు లిఫ్టుకు దగ్గరగా, ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో అడగాలి. అలలకు ఊగేది అక్కడే తక్కువ.

కిటికీ లేని గది చవక. రెండు మూడు రాత్రులకైతే నేను దాన్ని తప్పుపట్టను. కానీ తెల్లవారిందో లేదో తెలియని ఆ గదిలో మా ఇంటావిడ మొదటి రాత్రి నిద్రపోలేదు. అర్ధరాత్రి లేచి, "పొద్దు పొడిచిందా?" అని నాలుగుసార్లు అడిగింది. ఆరుబయట మంచం వేసుకుని పడుకుని పెరిగిన మనుషులం. కొంచెం డబ్బు ఎక్కువైనా సముద్రం కనిపించే కిటికీ ఉన్న గదే తియ్యమని పిల్లలకు చెప్పండి.

ఒకే ఓడలో ఇంత తేడాలుండటం కొత్త సంగతి కాదు. 1926లో కట్టిన ఎస్.ఎస్. రజులా అనే ఆవిరి ఓడ మద్రాసు నుంచి నాగపట్నం, పెనాంగు మీదుగా సింగపూరు దాకా దాదాపు అర్ధ శతాబ్దం తిరిగింది. మలయా తోటలకు వెళ్లిన మన తెలుగువాళ్లు, తమిళులు ఎక్కిన ఓడల్లో అదొకటి. పై తరగతిలో కొన్ని పదుల మంది, కింద డెక్కు మీద చాపలు పరుచుకునేవాళ్లు మొదట్లో ఐదు వేల మంది దాకా పట్టేలా దానికి అనుమతి ఉండేది. ఇప్పటి పెద్ద ఓడల్లోనూ ఓడలో ఓడ అని చెప్పదగ్గ భాగాలు వచ్చాయి. ఎంఎస్సీలో యాట్ క్లబ్, నార్వీజియన్‌లో హేవెన్. వాళ్ల కొలను వేరు, భోజనశాల వేరు, లోపలికి పోయే తలుపు వేరు. మామూలు కార్డుతో ఆ తలుపు తెరుచుకోదు. చూసి బాధపడవద్దు. ఏ తరగతిలో ఉన్నా కనిపించే సముద్రం మాత్రం ఒకటే.

విశాఖపట్నం సంగతి చెప్పాలి. 2022 జూన్ 8న ఎంప్రెస్ చెన్నై నుంచి విశాఖ రేవుకొచ్చింది. అక్కడినుంచి పుదుచ్చేరి వైపుగా మళ్లీ చెన్నై. 2023 సెప్టెంబరు 4న విశాఖలో ఈ ఓడల కోసమే కట్టిన టెర్మినల్ ప్రారంభించారు. 96 కోట్ల ఖర్చు, రెండు వేల మంది ప్రయాణికులు పట్టే ఏర్పాటు. 2024 ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే ఓడ అక్కడికొచ్చింది. అందులో గదులు అద్దెకిచ్చేవి కావు, మనుషులు కొనుక్కున్న ఇళ్లు. 165 ఇళ్లతో ప్రపంచం చుట్టే ఊరది.

మన తీరంలో ఎంప్రెస్‌ ఎక్కితే పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధారు చాలు, ఓడ విదేశీ రేవుకు పోనంతవరకు. జైన భోజనం దాకా శాకాహారం దొరుకుతుంది. స్టార్‌లైట్ అనే హాల్లో, ఫుడ్ కోర్టులో భోజనం టికెట్టులో కలిసే ఉంటుంది, మద్యం కలవదు. నడిసముద్రంలోకి వెళ్లాక జూదశాల తెరుస్తారు. ఇంటి పెద్దలు ఆ అంతస్తుకు పోకుండా ఉంటే బిల్లు అదుపులో ఉంటుంది.

ఈ ఓడ చెన్నైకి ఎప్పుడొస్తుందో గమనించారా? జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మిగతా ఏడాది ముంబై, గోవా, కొచ్చి వైపు తిరుగుతుంది. నైరుతి రుతుపవనాలు పడమటి సముద్రాన్ని అల్లకల్లోలం చేసే నెలల్లో తూర్పు తీరానికి తిప్పుతారు. ఆ గాలే పడమటి కనుమల మీద వానంతా కురిపించి, అనంతపురం చేరేసరికి ఒట్టి చేతులతో వస్తుంది. మనకు ఏడాది పొడవునా పడే వాన 550 మిల్లీమీటర్లు. ఆ నెలల్లో మేఘాలను చూస్తూ మనం విత్తనం చేత పట్టుకుని నిలబడి ఉంటాం. అదే గాలి చూసి ఓడ కెప్టెను దారి మార్చుకుంటాడు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఓడలో నాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించింది సంగీతమూ కాదు, దీపాలూ కాదు, స్నానాల గదిలో కొళాయి. ఆ నీళ్లు సముద్రం నీళ్లే. ఇంజన్ల వేడితో తక్కువ పీడనం మీద ఉప్పునీటిని ఆవిరి చేసి చల్లార్చడం ఒక పద్ధతి. రెండోది మన ఊళ్లో ఫ్లోరైడు నీళ్లకు పెట్టుకున్న ప్లాంటుల్లో ఉండే పద్ధతే, ఆర్వో. మనం బిందె పట్టుకుని ఇరవై లీటర్ల క్యాను కోసం పోయే యంత్రం, అక్కడ ఓడ అడుగున వందల టన్నుల్లో పని చేస్తుంది. పెద్ద ఓడలో మనిషికి రోజుకు 200 లీటర్లు దాటిపోతాయంటారు. మన పల్లెల్లో కొళాయి పథకానికి ప్రభుత్వం పెట్టుకున్న లెక్క మనిషికి 55 లీటర్లు. 1995లో సత్యసాయి ట్రస్టు మొదలుపెట్టిన పథకం మన జిల్లాలో 731 పల్లెలకు నీళ్లు అందించింది. ఆ రోజు పైపులో నీళ్లు చూసి ఏడ్చిన ఆడవాళ్లను మనం ఎరుగుదుం. ఓడలో కొళాయి కట్టేసేటప్పుడు నా చెయ్యి దానంతట అదే గట్టిగా తిప్పింది.

ఇక భద్రత గురించి ఒక్క మాట, ఇది చాలా ముఖ్యం. ఓడ బయల్దేరే ముందు అందరినీ పిలిచి లైఫ్ జాకెట్ ఎట్లా వేసుకోవాలో, ఎక్కడ చేరాలో చూపిస్తారు. దీన్ని ఎగ్గొట్టకండి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాతిని కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లకు ఆ తర్ఫీదు ఇంకా జరగలేదు. ఆ తర్వాతే ఓడ కదిలే ముందో, కదిలిన వెంటనేనో ఇది జరిగి తీరాలని నియమం వచ్చింది. మన గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలు చూడబోయిన పడవ వరదలో మునిగింది. 50 మంది దాకా పోయారు. ఎండగా ఉందని, ఉక్కగా ఉందని జాకెట్ విప్పి పక్కన పెట్టే అలవాటు మన పడవ ప్రయాణాల్లో ఎంత ఉందో అందరికీ తెలుసు. పాపికొండలు తప్పకుండా చూడండి, గండి పోచమ్మ తల్లికి దణ్ణం పెట్టుకోండి. నీళ్లు ఎర్రగా పొంగుతున్న రోజు మాత్రం పడవవాడు రమ్మన్నా ఎక్కకండి.

డబ్బు తక్కువ, సముద్రం మీద ఆశ ఎక్కువ ఉన్నవాళ్లకు ఇంకో దారి చెబుతాను. విశాఖ నుంచి అండమానుకు అప్పుడప్పుడు ప్రభుత్వ ప్రయాణికుల ఓడ వెళుతుంది, రెండున్నర రోజుల దారి. బంకు తరగతి టికెట్టు విహార నౌకలో ఒక్క రాత్రికయ్యే డబ్బులో కొంత భాగమే. కొలను లేదు, పాటకచేరీ లేదు. రైల్లోలాగా బెర్తులు, క్యాంటీనులో అన్నం, డెక్కు మీద గాలి. పక్క బెర్తుల్లో శ్రీకాకుళం మనుషులుంటారు, రెండు తరాలుగా అక్కడ స్థిరపడినవాళ్లు. వాళ్లతో మాటల్లో పడితే పొద్దు తెలియదు.

పెద్దవాళ్లు వెంట ఉంచుకోవలసినవి రెండు. షుగరు, బీపీ మాత్రలు చేతిసంచిలో ఉండాలి, పెట్టెలో కాదు. పెట్టె గదికి చేరేసరికి రాత్రవుతుంది. విదేశీ ఓడల్లో డాక్టరు ఉంటాడు కానీ ఆయన ఫీజు డాలర్లలో ఉంటుంది, ప్రయాణ బీమా లేకుండా ఎక్కకండి. బట్టల గురించి సంకోచం వద్దు. క్యూనార్డ్ లాంటి పాత మర్యాదల కంపెనీ కూడా విందు రాత్రి ఎవరి దేశపు దుస్తుల్లో వాళ్లు రావచ్చంటుంది. పంచె కట్టుకుని, పట్టుచీర కట్టుకుని దర్జాగా వెళ్లండి.

ఇక సేవ సంగతి. మా గది చూసిన అబ్బాయిది పావగడ పక్కన పల్లె. కర్నాటకే అయినా ఇంట్లో మాట తెలుగు. మొదటి రోజు ఇంగ్లీషులో "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నవాడు, మేమిద్దరం మాట్లాడుకోవడం విని గడప దగ్గరే నిలబడిపోయాడు. "అమ్మా, మీది ఏ ఊరు?" అన్నాడు. శింగనమల అంటే వాడి ముఖం విప్పారింది. తొమ్మిది నెలల ఒప్పందం. వారంలో సెలవు రోజు లేదు. ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నియమం ఉంది, దాన్నిబట్టి పనిగంటలు మీరే లెక్క వేసుకోవచ్చు. వాడు పడుకునే గది నీటిమట్టానికి కింద. తువ్వాలును మడిచి ఏనుగు బొమ్మ చేసి మా మంచం మీద పెట్టేవాడు. మా ఇంటావిడ దాన్ని విప్పలేక రెండో తువ్వాలు అడిగింది.

బక్షీసు అంతా ఖాతాలో కట్టాం కదా అని ఊరుకోకుండా, ఆఖరి రోజు ఆమె ఇంటినుంచి తెచ్చిన ఓలిగల్లో మిగిలిన నాలుగూ, కొంత డబ్బూ పొట్లం కట్టి వాడి చేతిలో పెట్టింది. వాడు పొట్లం మూసి జేబులో పెట్టుకుని, చేతిలో ఉన్న దుప్పట్లు కింద దించాడు. మధ్యాహ్నానికల్లా కొత్త జనం ఎక్కుతారు, అంతలోపు వాడికి ఇంకా చాలా గదులున్నాయి. అయినా ఒక్క నిమిషం నిలబడ్డాడు.

"ఈసారి మీ చెరువుకు నీళ్లొచ్చినాయా అమ్మా?" అన్నాడు.

"సగానికొచ్చినాయి నాయనా" అంది మా ఇంటావిడ. "మీకు?"

"బోరు వేయించినా. ఎనిమిది వందల అడుగులు. తడి తగిలింది" అని, దుప్పట్లు ఎత్తుకుని పక్క గది తలుపు తట్టాడు.